తీగ వెంట రాదు, గింజ వస్తుంది

అద్దె ఇళ్ళలో కాపురం చేసే మనలాంటి వాళ్ళకు ఒక దిగులుంటుంది. నానా తంటాలూ పడి గుమ్మం పక్కన ఒక పూలతీగ వేస్తాం. అది పందిరెక్కి నాలుగు పూలు పూసే వేళకు బదిలీ కాగితం వస్తుంది. సామానంతా బండెక్కుతుంది గాని, పందిరెక్కిన తీగ మన వెంట రాదు గదా! దీనికి ఉపాయం గింజలు దాచుకోవడమే. గుప్పెడు గింజలు కొంగున ముడి వేసుకుంటే తోట మన వెంట వచ్చినట్టే.

అయితే అన్ని తీగలకూ గింజల కోసం ఎదురుచూడకండి. సన్నజాజికి కొమ్మ వంచి, ఒక కణుపు మట్టిలో తొక్కి, పైన రాయి పెట్టండి. వేళ్ళు దిగాక కోసి వేరే పాతుకోవచ్చు. కాగితం పూల తీగకు ముదురు కొమ్మ చాలు. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగై, ఆ పైన ఎర్రబడే రాధామనోహరం మన పెరళ్ళలో కాయ కట్టడం అరుదు. దాని పిలకలు తీసి నాటాలి. గింజలతో సులువుగా పెరిగేవి శంఖుపుష్పం, కాశీరత్నం.

ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన మా నర్సీపట్నంలో ఏరువాక పున్నమి అయ్యాక, తొలకరి పడగానే గింజలు వేసుకోవడం మంచిది. శంఖుపుష్పం గింజకు పైతోలు గట్టి. గరుకు గచ్చు మీద రెండు మూడుసార్లు మెల్లగా రుద్ది, రాత్రంతా నానబెట్టండి. ఉబ్బిన వాటిని అరంగుళం లోతున పెట్టండి. ఉబ్బని వాటిని పారెయ్యకుండా మళ్ళీ రుద్ది నానబెట్టండి. కాశీరత్నం గింజలు కూడా నానబెట్టి, తీగ ఎక్కడ పాకాలో అక్కడే వెయ్యండి. పీకి నాటితే దానికి గిట్టదు. రెండింటికీ ఎండ బాగా తగలాలి. ఎరువు మితిమీరితే ఆకే గాని పువ్వుండదు. శంఖుపుష్పం చిక్కుడు జాతిది. దాని వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని పట్టి తీగకు అందిస్తాయి.

ఇక గింజలు పట్టే సంగతి. పూజకని రోజూ పూలన్నీ కోసేస్తే కాయ ఎక్కణ్ణుంచి వస్తుంది? బాగా పూసిన తీగ ఒకటి చూసుకుని, దాని మీద పది పూలు వదిలెయ్యండి. గుర్తుకు ఒక దారం కట్టండి. శంఖుపుష్పం కాయ పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. బాగా ఎండితే మెలితిరిగి పగిలి, గింజల్ని దూరంగా చిమ్ముతుంది. అందుకని రంగు తిరగ్గానే పాత పల్చటి గుడ్డ వదులుగా చుట్టండి. కాశీరత్నం కాయ చిన్న బుడ్డిలా ఉంటుంది. మామూలుగా దాంట్లో నాలుగు గింజలుంటాయి. ఏదైనా మంచు ఆరిపోయాకే కొయ్యాలి.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెబుతాను. మా పుట్టింటి నుంచి తెచ్చిన తెల్ల శంఖుపుష్పం ఒక ఏడు విరగకాసింది. వాన ముసురు పట్టేలా ఉందని, కాయలు సరిగా ఎండకుండానే కోసి, గింజల్ని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టాను. తొలకరికి తీసి చూద్దును గదా, అన్నీ బూజే! ఒక్కటీ మొలవలేదు. అదృష్టం కొద్దీ అంతకుముందు ఏడు పక్కింటి వదినగారికి పది గింజలిచ్చాను. ఆవిడ పందిరి నుంచే నా విత్తనం మళ్ళీ నాకు దొరికింది.

కాబట్టి గింజల్ని నీడలో ఎనిమిది పది రోజులు ఆరబెట్టండి. గోరు గుచ్చితే దిగకూడదు. కాగితం పొట్లం కట్టి, పేరూ రంగూ నెలా రాసి, అడుగున జల్లించిన పొడి బూడిద పోసిన సీసాలో పెట్టి, మూత బిగించండి. వేసేముందు పది గింజలు తడిగుడ్డలో కట్టి చూడండి. ఎనిమిది మొలిస్తే మంచి విత్తనమే. నాలుగే మొలిస్తే రెట్టింపు వేసుకోండి.

నీలం, తెలుపు పక్కపక్కన వేస్తే తేనెటీగల వల్ల అప్పుడప్పుడు కలుస్తాయి. రంగు నిలవాలంటే దూరంగా వెయ్యండి. బజారులో కొన్న హైబ్రిడ్ పూలమొక్కల గింజలు దాచితే మరుసటేడు అదే పువ్వు వస్తుందని నమ్మకం పెట్టుకోకండి.

పసిపిల్లలున్న తల్లులు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. గురివింద తీగ దడికి అందమే గాని, గింజ విషం. నమిలి మింగితే ప్రాణానికే ముప్పు. ఆ తీగ ఇంట వద్దు. కాశీరత్నం గింజలు కూడా తినేవి కావు. విత్తనాల సీసా ఎప్పుడూ పై అరలోనే ఉండాలి.

ఇంకొకటి, గింజలన్నీ మీ దగ్గరే దాచుకోకండి. పేరంటానికి వచ్చిన వాళ్ళకు తాంబూలంతో బాటు ఒక చిన్న పొట్లం ఇవ్వండి. మీ సీసాలో బూజు పట్టినా, ఎవరో ఒకరి పందిరి మీద మీ పువ్వు బతికే ఉంటుంది.