కీబోర్డు మీటకు ధర ఎక్కడ పుడుతుంది?

విద్యార్థులారా, బజారులో కొన్ని వందల రూపాయలకే కీబోర్డు దొరుకుతుంది. అదే కంప్యూటరుకు తగిలించే మరో కీబోర్డును ఇరవై, ముప్పై వేలు పోసి కొనేవారూ ఉన్నారు. రెండింటిలోనూ కె మీట నొక్కితే కె అక్షరమే పడుతుంది. మరి మిగతా డబ్బంతా దేనికి? జవాబులో కొంత భౌతికశాస్త్రం, కొంత భాగహారం ఉన్నాయి. తెలుగులో టైపు చేయాలనుకునేవారికి ఆ భాగహారమే ముఖ్యం. అందుకు అండమాన్ దీవుల్లోని ఒక తెలుగు విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం.

ముందు స్విచ్ సంగతి చూద్దాం. చవక కీబోర్డులో మీటలన్నిటి కిందా ఒకే రబ్బరు పొర ఉంటుంది. నొక్కినప్పుడు దాని బుడిపె కుంగి, అడుగున ఉన్న ప్లాస్టిక్ రేకుల మీది వాహక గీతలను కలుపుతుంది. మెకానికల్ కీబోర్డులో అలా కాదు. ప్రతి మీటకూ విడిగా ఒక స్విచ్, దానిలో ఉక్కు స్ప్రింగు, లోహపు ఆకులు ఉంటాయి. జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ 1980లలో తెచ్చిన ఎం.ఎక్స్. స్విచ్ వీటికి నమూనా అయింది. దాని పేటెంటు గడువు తీరాక గేటరాన్, కైల్ వంటి చైనా సంస్థలు అవే కొలతలతో స్విచ్‌లు చేశాయి, ధరలు దిగాయి. స్విచ్ కాడ కూడిక గుర్తు ఆకారంలో ఉంటుంది. మీటల నడిమి దూరం 19.05 మిల్లీమీటర్లు. అందువల్ల ఒకరి స్విచ్ మీద మరొకరి కీక్యాప్, అనగా మీట టోపీ, చక్కగా కూర్చుంటుంది. ఈ కొలతలు కలవకపోతే సొంత అభిరుచితో కీబోర్డు కూర్చుకోవడమనే వేడుకే ఉండేది కాదు.

చెర్రీ ఎరుపు రకం స్విచ్ 2 మిల్లీమీటర్లు దిగగానే పని చేస్తుంది. అప్పటికి కావలసిన బలం 45 సెంటీన్యూటన్లు, అంటే దాదాపు 46 గ్రాముల బరువు. గోధుమ రంగు రకంలో వేలికి చిన్న గతుకు తగులుతుంది. నీలం రకం టక్కుమని మోగుతుంది (హాస్టలు గదిలో దీనికి స్నేహితులు మిగలరు). మీరూ కొలవవచ్చు. కిరాణా కొట్టు త్రాసు మీద కొన్ని నాణేలు తూచి, వాటిని ఒక్కొక్కటిగా మీట మీద పేర్చండి. తెరమీద అక్షరం పడినప్పుడున్న నాణేల మొత్తం బరువే మీ జవాబు.

పూర్తి కీబోర్డుకు 104 స్విచ్‌లు కావాలి. అంకెల భాగం తీసేస్తే 87, ఇంకా కుదిస్తే 61. స్విచ్ ఖర్చు ఈ లెక్కనే పెరుగుతుంది, తరుగుతుంది. టోపీలది వేరే లెక్క.

నాణ్యమైన టోపీల్లో 'డబుల్ షాట్' అనే పద్ధతి ఉంది. ఒక రంగు ప్లాస్టిక్‌తో అక్షరాన్ని, మరో రంగుతో దాని చుట్టూ టోపీని పోతపోస్తారు. అక్షరం ఎన్నేళ్లయినా అరగదు. కాని ప్రతి అక్షరానికీ ఉక్కు మూస చెక్కాలి. లెక్క కోసం మూసల ఖర్చు 5 లక్షల రూపాయలు అనుకుందాం. పదివేల మంది కొంటే ఒక్కొక్కరి మీద పడేది 50 రూపాయలు. వెయ్యిమందైతే 500. వందమందే అయితే 5,000! ప్లాస్టిక్ ఖర్చు మూడు సందర్భాల్లోనూ ఒకటే. అందుకే అభిరుచిగలవారు ముందే డబ్బు కట్టి, గుంపుగా ఆర్డరు ఇచ్చి, నెలల తరబడి ఎదురుచూస్తారు. తయారీదారు అడిగిన కనీస సంఖ్య చేరకపోతే పని మొదలే కాదు.

ఇక అండమాన్‌కు వెళదాం. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం పైచిలుకు. బెంగాలీ, హిందీ, తమిళం, మలయాళం, నికోబారీ మాట్లాడేవారూ పక్కపక్కనే ఉన్నారు. ఇన్ని లిపులకు ఇన్ని రకాల కీబోర్డులు కావాలా? అక్కరలేదు. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో కె మీట మీద తెలుగు క, బెంగాలీ క, తమిళ క అన్నీ ఒకే చోట ఉంటాయి. కుడిచేతి మధ్య వరుసలో ప, క, త, చ, ట. సరిగ్గా పై వరుసలో బ, గ, ద, జ, డ. షిఫ్ట్ కలిపితే వాటి ఒత్తక్షరాలు. మన వర్ణమాల తెలిసినవారికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. కాబట్టి బోర్డు, స్విచ్‌లు అందరికీ అవే. మారేది టోపీమీది గుర్తు ఒక్కటే.

ఆ గుర్తుకు డబుల్ షాట్ పట్టుకుని వేలాడనక్కరలేదు. పి.బి.టి. అనే గట్టి ప్లాస్టిక్ టోపీలోకి వేడితో రంగును ఇంకించే పద్ధతి ఉంది. దానికి మూస అక్కరలేదు కనుక పదిమందికి చేసినా భారం తక్కువ. ఒక్క షరతు: రంగు టోపీకన్నా ముదురుగా ఉండాలి. తెలుగు అక్షరాలకు నా ఓటు దీనికే. ఖర్చు ఇంకా తగ్గాలంటే అతికించే అక్షరాల చీటీలు ఉండనే ఉన్నాయి.

దీవుల్లో మరో ఖర్చు ఉప్పుగాలి. శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) నుంచి చెన్నై, విశాఖ రేవులు దాదాపు 1,200 కిలోమీటర్లు. పాడైన కీబోర్డును బాగుకు పంపితే రానుపోను ఖర్చు దాని ధరను మించవచ్చు. అందువల్ల అల్యూమినియం పెట్టెకన్నా, రంగుదీపాలకన్నా ముందు రెండు అంశాలు చూడండి. మొదటిది, స్విచ్‌లను బిగించే పలక మామూలు ఉక్కుది కాకుండా అల్యూమినియం లేదా ఫైబర్‌గ్లాసుది కావడం. రెండవది, టంకం లేకుండా స్విచ్‌ను పీకి మార్చే 'హాట్ స్వాప్' సౌకర్యం. చెర్రీ స్విచ్‌లో తాకే బిందువులు బంగారపువి, తుప్పు పట్టవు. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్విచ్‌లలో తాకడమే లేదు, కాని వాటికి ప్రత్యేకమైన బోర్డు కావాలి, ధరా ఎక్కువే. విదేశం నుంచి తెప్పిస్తే చూపిన ధరకు రవాణా, సుంకం, పన్ను కలుస్తాయని మరవకండి.

హాట్ స్వాప్‌తో తెలుగువారికి మరో లాభం ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు గుర్తు డి మీట మీద ఉంటుంది, ప్రతి వత్తుకూ దానిని నొక్కాలి. 'అక్క' రాయాలంటే షిఫ్ట్‌తో డి, తరువాత కె, మళ్లీ డి, మళ్లీ కె. మీ తెలుగు వాచకంలో ఒక పేజీ తీసి వత్తులు లెక్కించండి, ఎడమచేతి మధ్యవేలి పని తెలుస్తుంది. ఆ మీట కింద మాత్రం తేలిక స్ప్రింగున్న స్విచ్ పెట్టుకోవచ్చు. దుకాణదారు పది స్విచ్‌ల పొట్లంగానే అమ్మితే తరగతిలో పదిమంది పంచుకోండి.