కష్టం ఒకటి, కౌంటర్లు అనేకం

ఇంటర్మీడియట్ దాకా విద్యార్థి మంచిచెడ్డలను ఇంటివాళ్లో, ఒకరిద్దరు అధ్యాపకులో కనిపెట్టి చూసుకుంటారు. విశ్వవిద్యాలయంలో చేరిన నాటి నుంచి ఆ బాధ్యత పది కార్యాలయాలకు చీలిపోతుంది. ఫీజు అకౌంట్స్ విభాగానిది, హాజరు డిపార్ట్‌మెంటుది, మార్కుల మెమో పరీక్షల విభాగానిది, మెస్ బిల్లు చీఫ్ వార్డెన్ కార్యాలయానిది. కష్టం మాత్రం ఇలా విడివిడిగా రాదు. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మెస్ బకాయి పడుతుంది, బకాయి పెరిగితే హాల్‌టికెట్ ఇస్తారో ఇవ్వరోనన్న బెంగ పట్టుకుంటుంది, ఆ బెంగతో నిద్ర చెడి ఉదయం క్లాసులు తప్పితే హాజరు పడిపోతుంది. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో సహాయానికి ఏర్పాట్లు లేకపోలేదు. విద్యార్థి తన బాధకు పెట్టుకునే పేరు, ఆ బాధ తీర్చవలసిన విభాగం బోర్డు మీద కనిపించకపోవడమే చిక్కు.

చదువు విషయంలో మొదట అడగవలసిన మనిషి మెంటర్, అంటే కొంతమంది విద్యార్థుల బాగోగులు చూడటానికి డిపార్ట్‌మెంట్ నియమించిన అధ్యాపకుడు. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థ ఒక్కో మెంటర్‌కు ఎందరు విద్యార్థులని లెక్క అడుగుతుంది కనుక చాలా చోట్ల ఈ జాబితా తయారుగానే ఉంటుంది. అది న్యాక్ బృందానికి చూపించడానికే రాసిందైనా, అందులో పేరున్న అధ్యాపకుడిని వెతుక్కుంటూ వెళ్లి అడగడానికి విద్యార్థికి అదే ఆధారం. తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగ్‌లోనో పీజీలోనో చేరినవారికి తొలి సెమిస్టర్‌లో పాఠం కన్నా భాషే బరువవుతుంది; వెనుకబడినవారికి పాఠాన్ని మళ్లీ చెప్పే రెమిడియల్ తరగతుల గురించి విచారించవలసింది అప్పుడే గాని, నాలుగు బ్యాక్‌లాగులు పోగయ్యాక కాదు.

హాజరు విషయంలోనూ ఆలస్యమే కొంప ముంచుతుంది. హైదరాబాద్‌లోని జేఎన్‌టీయూ బీటెక్ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవారు అనారోగ్యం వంటి తగిన కారణం చూపితే, రుసుం కట్టించుకుని ఆ లోటును మన్నించవచ్చు. దీన్నే కండోనేషన్ అంటారు. 65 శాతం కన్నా తగ్గితే ఆ మన్నింపు లేదు. జ్వరం వచ్చినప్పుడే తీసుకున్న మెడికల్ సర్టిఫికెట్‌కు ఉండే బలం సెమిస్టర్ చివర పుట్టిన కాగితానికి ఉండదు. ఇక ఏ అర్జీనైనా రెండు ప్రతులు తీసుకెళ్లడం మేలు. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో గుమస్తా ఒక ప్రతిని ఫైలులో పెట్టి, రెండో దాని మీద ముద్ర కొట్టి, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు పెన్నుతో రాసి ఇస్తాడు. మూడు వారాల తరువాత మరో బల్ల దగ్గర అర్జీ తమకు చేరలేదన్న జవాబు వస్తే, ఫైలు ఎక్కడ ఆగిందో వెతకడానికి పనికొచ్చేది ఆ నంబరే.

అర్జీకి స్పందన లేకపోతే పైమెట్టు ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం సంస్థల్లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. దాని నిర్ణయంతో తృప్తి పడని విద్యార్థి అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే ఆ విశ్వవిద్యాలయంతో సంబంధం లేని మాజీ ఉపకులపతి, విశ్రాంత ప్రొఫెసర్, మాజీ జిల్లా జడ్జి వంటి వారికి అప్పీలు చేసుకోవచ్చు. స్కాలర్‌షిప్ జాప్యం, ఫలితాల ఆలస్యం, చదవదలచుకోని కోర్సుకు ఫీజు రాబట్టడానికి ఒరిజినల్ సర్టిఫికెట్లను పట్టి ఉంచడం ఈ ఫిర్యాదుల కిందికి వస్తాయి. మార్కులు తక్కువ వేశారన్న బాధ ఒక్కదానితో అంబుడ్స్‌పర్సన్ దాకా వెళ్లడం కుదరదు. ఫలితాన్నే మార్చేంత అవకతవక చూపించాలి. ర్యాగింగ్‌కు మాత్రం ఇన్ని మెట్లు ఎక్కనక్కరలేదు, 1800-180-5522 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

విద్యార్థులు అడుగుపెట్టడానికి ఎక్కువగా జంకే గది కౌన్సెలర్‌ది. ఇందులో మాట చేసిన చేటు కొంత ఉంది. కౌన్సెలింగ్ అనగానే తెలుగు ఇళ్లలో ఎంసెట్ కాలం నుంచీ గుర్తొచ్చేది సీట్ల కేటాయింపు. పత్రికల్లోనైతే తాగి బండి నడిపినవారిని పోలీసులు కూర్చోబెట్టి మందలించడానికీ అదే పేరు. అందుకే కౌన్సెలర్ దగ్గరకు వెళ్లాడంటే ఏదో తప్పు చేసి ఉంటాడని తోటివారు అనుకుంటారన్న భయం. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన విద్యార్థిని కేసులో 2025 జూలైలో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హత గల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో కనీసం ఒకరిని నియమించాలని ఆదేశించింది. క్యాంపస్‌లో ఆ గది దాకా వెళ్లలేనివారికి, అర్ధరాత్రి దిగులు ముంచుకొచ్చినవారికి, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 14416 నంబరులో తెలుగులోనే, ఉచితంగా మాట్లాడవచ్చు.

కౌన్సెలర్‌తో మాట్లాడటం వేరు, కమిటీకి ఫిర్యాదు చేయడం వేరు. మానసిక చికిత్స పొందే వ్యక్తి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు మాత్రం అవసరమైనంత మేరకు ఇతరులకు తెలపవచ్చు. లైంగిక వేధింపులపై విచారణ జరిపే అంతర్గత కమిటీ దారి ఇందుకు భిన్నం. అక్కడ కాగితం అందితే విచారణ మొదలవుతుంది, అవతలి పక్షానికి నోటీసు వెళుతుంది, 90 రోజుల్లో విచారణ ముగియాలి. మనసు కుదుటపడే దాకా కౌన్సెలర్ దగ్గర ఆగడంలో తప్పు లేదు గాని, సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలన్న యూజీసీ 2015 నిబంధన గడువు ఆ లోగా ఆగదు. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలల వరకు గడువు పెంచవచ్చు, బాధితులు తామే రాయలేని స్థితిలో ఉంటే స్నేహితులో, తోటి విద్యార్థో, సైకాలజిస్టో వారి తరఫున ఫిర్యాదు ఇవ్వవచ్చు.