పరుగెత్తితే చల్లన, నిలబడితే వేడి

పిల్లలూ, ఎండలో పరుగెత్తి వస్తే మీ ఒళ్ళు కాలిపోతుంది. కాస్సేపు నీడన కూర్చుంటే చల్లబడుతుంది. కొన్ని పాతకాలపు స్పోర్ట్సు కార్ల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. దారి బాగుండి జోరుగా పోతున్నంతసేపూ వాటికి ఏ బాధా లేదు. కూడలిలో ఎర్రదీపం చూసి ఆగాయో, వేడెక్కడం మొదలుపెడతాయి!

అలాంటి కారు ఒకటి జాగ్వార్ ఇ-టైప్. ఇంగ్లండులోని కావెంట్రీలో తయారైన ఈ కారును 1961 మార్చిలో స్విట్జర్లండులోని జెనీవా నగరంలో మొదటిసారి లోకానికి చూపించారు. జనం విరగబడ్డారు. ఎక్కి చూస్తామనేవారికి ఒక్క కారు చాలలేదు. అంచేత నార్మన్ డ్యూయిస్ అనే ఆయన, కార్లను పరీక్షించడమే ఆయన ఉద్యోగం, కావెంట్రీ నుంచి రెండో కారును రాత్రికి రాత్రి నడుపుకుంటూ జెనీవా చేర్చాడు.

దీని ఆకారం రూపొందించిన మాల్కమ్ సేయర్ అంతకు ముందు విమానాల కర్మాగారంలో పనిచేసినవాడు. గాలి అడ్డుపడకుండా కారు ముందుభాగాన్ని నున్నగా చేసి, చేప నోరంత చిన్న సందు పెట్టాడు. లోపలి రేడియేటరుకు గాలి అందవలసింది ఆ సందులోంచే. కారు పరుగులో ఉంటే గాలి తనంతట తానే దూసుకువస్తుంది. నిలబడితే రాదు. అప్పుడు కరెంటు ఫాను తిరగాలి. నీళ్ళ వేడిని పసిగట్టి ఆ ఫానును తిప్పే స్విచ్చి ఒకటి ఉంటుంది. అది చిన్నదే గాని, పాడైతే కారు ఊరి మధ్యనే ఆవిరి కక్కుతుంది. అందుకే పాత కారును శ్రద్ధగా చూసుకునేవారు ఇంజనును నిలిపిన చోటనే కాస్సేపు నడిపి, వేడి ముల్లు పైకి పోతూ ఉండగా ఫాను తిరిగిన చప్పుడు కోసం చెవి ఒగ్గి వింటారు.

ఇంతకీ నీళ్ళెందుకు? ఇంజనులో పెట్రోలు మండేటప్పుడు వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. ఆ మంటకు పైకప్పుగా ఉండేది అల్యూమినియం. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది! దాని చుట్టూ నీళ్ళు ఆగకుండా తిరుగుతూ వేడిని లాక్కుపోతాయి గనకనే అది బతికి ఉన్నది. అలాగని ఇంజను మరీ చల్లగా ఉన్నా సరిగా నడవదు. అందుకని నీళ్ళు కాగేదాకా రేడియేటరు దారి మూసి ఉంచడానికి థర్మోస్టాటు అనే తలుపు పెట్టారు. చాలావాటిలో మైనం ఉంటుంది. వేడికి మైనం ఉబ్బి తలుపును తెరుస్తుంది. అది పనిచేస్తున్నదో లేదో తెలియాలంటే మెకానిక్కు దాన్ని ఊడదీసి, గిన్నెడు నీళ్ళలో వేలాడదీసి, కాస్తూ చూస్తాడు. (ఆ గిన్నె మళ్ళీ వంటింటికి రాకూడదు. ఎందుకో ఇప్పుడే చెబుతాను.)

కావెంట్రీలో చలికాలం నీళ్ళు గడ్డకడతాయి. గడ్డకట్టిన నీరు సుమారు పదకొండో వంతు ఉబ్బుతుంది. ఆ బలానికి పోత ఇనుము కూడా పగులుతుంది. అందుకని నీళ్ళలో గ్లైకాల్ కలుపుతారు. చెరిసగం కలిపితే సున్నకు 30 డిగ్రీల కిందకు పోయినా గడ్డకట్టదు. కాని అది తియ్యగా ఉండే విషం. నేలమీద ఒలికితే కుక్కలూ పిల్లులూ నాకి చచ్చిపోతాయి. వెంటనే తుడిచెయ్యాలి.

గ్లైకాలుతోపాటు తుప్పును ఆపే మందులు కూడా ఉంటాయి. ఏళ్ళు గడిస్తే వాటి బలం తగ్గుతుంది. మొదటి ఇ-టైపులలో ఇంజను అడుగుభాగం ఇనుము, పైభాగం అల్యూమినియం. రెండు లోహాలు ఒకే నీళ్ళలో ఉంటే తినివేత మరీ ఎక్కువ. తుప్పు మడ్డిగా పేరుకుని సన్నని గొట్టాలను మూసేస్తుంది. బావినీళ్ళు పోస్తే, మీ ఇంట్లో కాగు అడుగున కట్టినట్టే తెల్లని పెచ్చు కడుతుంది. కనక రెండు మూడేళ్ళకొకసారి పాతనీళ్ళు వదిలేసి, మామూలుగా పారే దిక్కుకు ఎదురుగా మంచినీళ్ళు పంపి, మడ్డి కడిగి, స్వేదనజలంలో కలిపిన కొత్త మందు పోస్తారు. రబ్బరు గొట్టాలను నొక్కి చూసి, మెత్తబడినవీ పగిలినవీ మారుస్తారు.

ఇప్పుడొక ప్రశ్న. నీళ్ళు ఎన్ని డిగ్రీలకు మరుగుతాయి? నూరు, అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. నేను సగం మార్కులే వేస్తాను! అది మూత తీసిన గిన్నె మాట. రేడియేటరు మూతకు స్ప్రింగు ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి ఒకటిన్నర రెట్లయితే, నీళ్ళు 111 డిగ్రీల దాకా మరగవు. అలా 105 డిగ్రీల దగ్గర కదలకుండా ఉన్న నీళ్ళపై మూత తీశారనుకోండి. ఒత్తిడి పోతుంది. ఆ క్షణమే కొంత నీరు ఆవిరవుతుంది. ఆవిరికి నీటికంటే 1600 రెట్లు చోటు కావాలి. అదంతా మూత తీసినవాడి ముఖానికీ చేతులకూ ఎగదన్నుతుంది. గుడ్డ చుట్టి తీసినా ఆగదు. అందుకే ఇంజను పూర్తిగా చల్లారేదాకా, గంట పట్టినా సరే, తెలిసినవాడెవడూ మూత ముట్టడు.

కొత్త నీళ్ళు నింపాక ఇంకొక్క పని ఉన్నది. లోపల ఎక్కడో గాలి బుడగ చిక్కుకుంటే అక్కడ నీరు తగలక లోహం కాలిపోతుంది. అందుకని హీటరు మీట తెరిచి, ఇంజనును కాగేదాకా నడిపి ఆపుతారు. మర్నాడు చల్లారిన ఇంజను మూత తీసి చూస్తే, బుడగ పోయినంతమేరకు నీటిమట్టం దిగి ఉంటుంది. ఆ వెలితి నింపి గాని కారును బయటికి తీయరు.