తరగతి గదిలో ‘మాలపల్లి’

ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ నవల వెలువడి నూరు సంవత్సరాలు దాటినవి. తెలుగు సాహిత్యం చదువుకొన్నవారందరికీ ఈ పేరు పరిచితమే. పరీక్షలో ‘మాలపల్లి నవలలోని సంఘసంస్కరణను వివరింపుము’ అన్న ప్రశ్నకు నాలుగు పుటల సమాధానం వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారు శ్రోతలలోనే ఎందరో ఉంటారు. అయితే ఆ గ్రంథాన్ని మొదటినుండి చివరివరకు చదివినవారెందరు? చదివినవారిలో, అందులోని మంగళాపురం తమ ఊరివంటిదే అని గుర్తించినవారెందరు? పల్నాటి సీమలో చాలాకాలంగా తెలుగు బోధిస్తూ వచ్చిన మాకు ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతున్నది. ఒక గ్రంథాన్ని పాఠ్యంగా నిర్ణయించడం వేరు. దానిని పాఠంగా చెప్పడం వేరు. ఈ రెంటికి నడుమనున్న దూరాన్ని గురించి ఈ ప్రసంగంలో ముచ్చటించదలచినాము.

ఉన్నవవారు 1877లో గుంటూరు జిల్లా, నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో జన్మించినారు. ఐర్లండు వెళ్ళి బారిష్టరై వచ్చినారు. భార్య లక్ష్మీబాయమ్మగారితో కలిసి వితంతు వివాహాలు జరిపించినారు. గుంటూరులో స్త్రీవిద్యకొరకు శారదానికేతనాన్ని నెలకొల్పినారు. 1921లో పల్నాటి రైతులు, అడవిలో పశువులు మేపుకొనేందుకు సర్కారు విధించిన పుల్లరి పన్నును ఎదిరించినప్పుడు, వారి పక్షాన నిలిచి శిక్షకు లోనైనారు. మించాలపాడు వాసి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసుల తుపాకిగుండ్లకు నేలకొరిగినది ఆ ఉద్యమంలోనే. ఉన్నవవారు ‘మాలపల్లి’ని వ్రాసినది ఆ చెరసాల కాలంలో. ఇందులో ఒక విశేషమున్నది. రైతు పక్షాన చెరసాలకు వెళ్ళిన మనిషి, అక్కడ కూర్చుండి, రైతు చేతిలో నలిగిన పాలేరు కథ వ్రాసినారు. మా విద్యార్థులకు మేము మొట్టమొదట చెప్పేది ఈ సంగతే. దొరతనాన్ని ఎదిరించినంత మాత్రాన ఊరిలోని అన్యాయం తనంతట తాను తొలగిపోదని ఉన్నవవారు గ్రహించినారు.

కథ తెలియనివారికొరకు స్థూలంగా చెపుతాము. రామదాసు మాలపల్లిలో కాపురముంటున్న భక్తుడు, కష్టజీవి. ఆయన కుమారుడు సంగదాసు, చౌదరయ్య అనే పెద్దరైతు ఇంట పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి సంగదాసు ప్రాణమిత్రుడు. కూలి విషయంలో తగాదా పెరిగి, సంగదాసు చౌదరయ్య చేతిలోనే ప్రాణం కోల్పోతాడు. మరొక కుమారుడు వెంకటదాసు శాంతమార్గాన్ని విడిచి, తక్కెళ్ళ జగ్గడన్న పేరుతో ధనికులను దోచి పేదలకు పంచిపెట్టి, చివరకు ఖైదీగా మరణిస్తాడు. కుటుంబం చెల్లాచెదరవుతుంది. గ్రంథానికి ‘సంగవిజయం’ అన్న మరొక పేరు కూడా ఉన్నది. మరణించిన సంగదాసు ఆశయం గెలిచినదని కవి భావం.

ఇటువంటి గ్రంథం తరగతి గదికి రావడం అంత తేలికగా జరుగలేదు. 1922లో అచ్చైన ఈ నవలను మద్రాసు ప్రభుత్వం 1923లో నిషేధించినది. 1926లో మద్రాసు శాసనమండలిలో ఆ నిషేధాన్ని గురించి చర్చలు జరిగినవి. 1928లో కొన్ని మార్పులతో ప్రచురణకు అనుమతి లభించినది. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయం దీనిని పాఠ్యగ్రంథంగా ఎన్నుకొన్నది. 1936లో ప్రభుత్వం మళ్ళీ నిషేధం విధించి, పాఠ్యగ్రంథాల నుండి తొలగింపజేసినది. 1937లో రాజగోపాలాచారిగారి నాయకత్వాన ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గం నిషేధాలను రద్దు చేసినది. ఒక నవలను ఇంటిలో ఒంటరిగా చదువుకోవడంకంటె, నలుబదిమంది యువకులు ఒకచోట కూర్చుండి చర్చించడం ప్రభుత్వానికి ఎక్కువ భయం కలిగించినదని ఈ చరిత్రనుబట్టి ఊహింపవచ్చును.

అమెరికాలోనూ ఇటువంటి కథ ఉన్నది. అక్కడ నల్లజాతివారికి జరిగిన అన్యాయాన్ని చిత్రించిన నవలలలో హార్పర్ లీ 1960లో ప్రకటించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ ప్రసిద్ధమైనది. నిర్దోషియైన నల్లజాతి మనిషిపై నేరం మోపగా, ఒక తెల్లజాతి న్యాయవాది అతని పక్షాన వాదించిన కథ అది. 1966లో వర్జీనియా రాష్ట్రంలోని హానోవర్ కౌంటీ విద్యామండలి, నీతికి విరుద్ధమన్న మిషతో దానిని బడులనుండి తొలగింపబూనినది. మార్క్ ట్వేన్ వ్రాసిన ‘హకల్‌బెరీ ఫిన్’ విషయంలో ఆక్షేపణ మరొక దిక్కునుండి వచ్చినది. ఆ నవలలో నల్లజాతివారిని కించపరిచే మాట పదేపదే వస్తుంది. ఆ మాటను తరగతిలో బిగ్గరగా చదువుతూ ఉంటే తమ బిడ్డలు తలవంచుకొని కూర్చోవలసి వస్తున్నదని నల్లజాతి తల్లిదండ్రులు బాధపడినారు.

ఈ రెండు ఆక్షేపణలు ఒకటి కావు. మొదటిది, అన్యాయం బయటపడుతుందన్న భయంనుండి పుట్టినది, దానిని త్రోసిపుచ్చవలసినదే. రెండవది, గాయపడినవారి గొంతునుండి వచ్చినది, దానిని వినవలసినదే. వినడమంటే గ్రంథాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయడం కాదు; పాఠం చెప్పే పద్ధతిని మార్చుకోవడం. ‘మాలపల్లి’ విషయంలో ఈ సత్యం మాకు మొదట తెలియదు. ఒక విద్యార్థి తెలియజెప్పినాడు.

కొన్ని సంవత్సరాల క్రిందటి మాట. సంగదాసు మరణ ఘట్టం చదివి ముగించినాము. గది నిశ్శబ్దంగా ఉన్నది. పల్లెనుండి వచ్చే ఒక కుర్రవానివైపు తిరిగి, “నాయనా, నీ అనుభవాలేమైనా చెప్పు” అన్నాము. మంచి ఉద్దేశంతోనే అన్నాము. అతడు లేచి నిలబడినాడు గాని నోరు విప్పలేదు. మిగిలినవారందరూ అతనివైపు చూచినారు. మరునాడు తరగతికి రాలేదు. ఆ తరువాతి రోజు కూడా రాలేదు. మూడవనాడు వచ్చి, ఎవరూ లేనప్పుడు మా బల్లదగ్గర నిలబడి, “మాస్టారూ, రామదాసు గురించి అడిగితే చెప్పేవాణ్ణి. మీరు నా గురించి అడిగినారు” అన్నాడు.

ఆ మాటకు మావద్ద సమాధానం లేకపోయినది. ఆ గదిలో చౌదరయ్యవంటి వారి మనుమలు కూడా ఉన్నారు. వారినెవరినీ లేపి, “మీ ఇంటిలో పాలేరును ఎట్లా చూచేవారు?” అని అడగాలని మాకు తోచలేదు. బాధపడినవాడే సాక్ష్యం చెప్పాలి, తక్కినవారు జాలిపడి ఇంటికి వెళ్ళాలి అన్నట్లుగా పాఠం నడిపినాము. దానితో నవలలోని అన్యాయమే, చిన్న రూపంలో, మా తరగతిలో జరిగినది.

ఆనాటినుండి పద్ధతి మార్చుకొన్నాము. ఎవరినీ లేపి అడగడం లేదు. అందరికీ ఒకే పని ఇస్తున్నాము: ‘మీ ఊరి పటం గీయండి. ఎవరి ఇళ్ళు ఎక్కడ ఉన్నవి? మంచినీటి బావి ఎక్కడ? గుడి ఎక్కడ? శ్మశానాలెన్ని? ఎందుకట్లా ఉన్నవో ఇంటిలో పెద్దలను అడిగి వ్రాయండి.’ ఒక సంవత్సరం, పెద్ద వ్యవసాయం ఉన్న ఇంటి పిల్లవాడు ఇట్లా వ్రాసినాడు: తన చిన్నతనంలో తాతగారి పసులకొట్టం చూరులో ఒక గ్లాసు దోపి ఉండేదట, దానిని ఇంటిలోనికి ఎన్నడూ తెచ్చేవారు కారట, ఎందుకో తాను ఎన్నడూ అడగలేదట, ఇప్పుడు నాయనమ్మను అడిగితే, ఆమె కొంతసేపు ఊరకుండి, “అది పాలేరుదిరా” అన్నదట. ఆ నాలుగు వాక్యాలు మా పాఠంకంటె ఎక్కువ చెప్పినవి.

గ్రంథంలోని తిట్లు, కులం పేరు పెట్టి ఈసడించే మాటలు వచ్చినప్పుడు మేము పిల్లలచేత చదివించము. ఆ మాట అన్నది ఏ పాత్ర, ఎవరిని, ఏ అధికారంతో అన్నది అని ముందుగా చెప్పి, అవసరమైనంతవరకు మేమే చదువుతాము. ‘మాలపల్లి’ అన్న శిరోనామాన్ని కూడా ఇట్లాగే వివరించాలి. ఊరివారు కొందరు తిట్టుగా వాడిన మాటను ఉన్నవవారు గ్రంథం ముఖపత్రంమీద నిలిపినారు. కథకు కేంద్రం ఊరిలోని మేడ కాదు, ఊరి వెలుపలి వాడ అని దాని అర్థం.

కథలోని కూలి తగాదాను కూడా కొంచెం నిదానించి చెప్పవలసి ఉన్నది. కూలి గింజలుగా కొలవాలా, డబ్బుగా ఇవ్వాలా అన్న వివాదంలో అన్యాయమెక్కడున్నదో నేటి పిల్లలకు అర్థం కాదు. అందుకొరకు మేము లెక్క వేసి చూపుతాము. రోజు కూలి నాలుగు మానికల జొన్నలు అనుకొందాము. మానిక అణా ఉన్నప్పుడు ఆ కూలి విలువ నాలుగణాలు. ధర పెరిగి మానిక రెండణాలైనదనుకొందాము. గింజలు పుచ్చుకొనేవారికి యథాప్రకారం నాలుగు మానికలు వస్తవి. పాత విలువనుబట్టి నాలుగణాలు చేతిలో పెడితే, వారి ఇంటికి చేరేవి రెండు మానికలే. 1914నాటి యుద్ధం మొదలైన తరువాత ధరలు పెరిగిన కాలమది. పిల్లలు ఈ లెక్క కట్టిన తరువాత, సంగదాసు ఎందుకు పట్టుబట్టినాడో వేరుగా చెప్పనవసరం ఉండదు. అంటరానితనం మనస్సులోని దురభిప్రాయం మాత్రమే కాదు, కొలతపాత్రలో కూడా ఉన్నదని వారు గ్రహిస్తారు.

ఈ నవలను లోపరహితమని బోధించనవసరం లేదు. గ్రంథకర్త పల్లెలో పుట్టినవారు కారు. రామదాసును అంతటి శాంతమూర్తిగా, వేదాంతిగా తీర్చినందువలననే ఊరివారి సానుభూతి లభించినదా, మామూలు మనిషియైతే ఆ సానుభూతికి అర్హుడు కాకపోయేవాడా అని తరువాతి తరం విమర్శకులు అడిగినారు. సమంజసమైన ప్రశ్నయే. అందువలన ‘మాలపల్లి’ ప్రక్కనే వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱం జాషువగారి ‘గబ్బిలం’ ఉంచి చదివిస్తాము. 1941లో వచ్చిన ఆ కావ్యంలో అస్పృశ్యుడు తన మొరను తానే చెప్పుకొంటాడు. గుడిలోనికి తాను వెళ్ళలేడు గనుక గబ్బిలంచేత శివునికి కబురంపుతాడు. ఆసక్తి ఉన్నవారికి జి. కళ్యాణరావుగారి ‘అంటరాని వసంతం’ నవలను కూడా సూచిస్తాము. సానుభూతితో చెప్పిన కథకు, అనుభవించి చెప్పిన కథకు గల భేదాన్ని అప్పుడు విద్యార్థులే కనిపెట్టగలుగుతారు.

‘అదంతా గడిచిపోయిన కాలం కదా’ అని ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అంటారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిన మాట నిజమే. దానిని అమలు జరపడానికి 1955లో ఒక చట్టం, చాలక 1989లో మరొక కఠినమైన చట్టం చేయవలసివచ్చినది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులు హతులైనారు. చుండూరు నాడు ఉన్నవవారి గుంటూరు జిల్లాలోనిదే. ఈ తేదీలను చెప్పకుండా ‘మాలపల్లి’ పాఠాన్ని ముగించడం విద్యార్థులను మోసగించడమే అవుతుంది.

ఇంకొక మాటను కూడా పల్నాటివారు మరువరాదు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒక చాపమీద కూర్చుండబెట్టి భుజింపజేసినాడని, మాలకులజుడైన కన్నమదాసును కుమారునిగా స్వీకరించినాడని మన వీరగాథ చెపుతున్నది. కార్తీకమాసంలో కారెంపూడి తిరునాళ్ళకు వెళ్ళి వచ్చిన పిల్లలు ఈ కథను గర్వంగా చెపుతారు. గర్వపడవలసినదే. అయితే, చాపకూడు కథ పుట్టిన సీమకు దాపుననే ఏడు వందల ఏండ్లకు పైబడిన తరువాత ‘మాలపల్లి’ వ్రాయవలసిన అవసరం ఎందుకు కలిగినదని కూడా వారు అడగాలి.

ఈ పని ఉపాధ్యాయులకు మాత్రమే విడిచిపెట్టదగినది కాదు. ఉన్నవవారు నవలలో పల్లెప్రజల నోటి తెలుగును ధారాళంగా వాడినారు. ఆ మాటలు కొన్ని నేటి పిల్లలకు తెలియవు. ఇంటిలోని పెద్దలకు తెలుసును. రాత్రి భోజనాలైన తరువాత ఒక ప్రకరణం పిల్లలచేత చదివించి, తెలియని మాటకు అర్థం చెప్పండి. వారు చూరులోని గ్లాసును గురించి అడిగితే మాట తప్పించక సమాధానం చెప్పండి. ఆనాడు మా బల్లదగ్గర నిలబడి మా తప్పు మాకు చెప్పిన విద్యార్థి, ఇప్పుడు తానే ఒక బడిలో ఉపాధ్యాయుడు. తన తరగతిలో ఊరి పటం తానుకూడా గీయిస్తున్నానని, మొదటి పటం తనదే గీసి చూపుతున్నానని ఆ మధ్య మాకు ఉత్తరం వ్రాసినాడు.