పొలము బేరము, వాటా బేరము

కోనసీమలో భూమి కొనువానిని మోసపుచ్చుట సులభము కాదు. అరయెకరము కొబ్బరితోటకు బేరమాడు పి.గన్నవరపు రైతు ముందుగా దస్తావేజులు చూపుమనును. రిజిస్ట్రారు కచేరీలో ఈసీ తీయించును. సర్వే రాళ్లు వెదకించును. నీరు ఏ కాలువనుండి వచ్చునో, ఏటికోత ఎంత దూరములో నున్నదో, కౌలెంత పలుకునో, దింపునకు కాయలెన్ని రాలునో విచారించును. అన్నియు సరిపడినను ధర హెచ్చని తోచినచో లేచి వచ్చివేయును. ఇట్టి జాగరూకుడే చేతిలోని ఫోనుపై వాటా కొనునపుడు కంపెనీ పేరు వినుటతోనే తృప్తి చెందుచున్నాడు. మేమును చిన్న వాటాదారులలోని వారమే గనుక, నాటి వాటాలను నేటి వాటాలను ముందిడుకొని యీ వింతను గుఱించి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పేరుమీది మమకారము క్రొత్తది కాదు. స్వదేశోద్యమ దినములలో వాటా కొనుటయే దేశసేవ. 1906లో చిదంబరం పిళ్లెగారు తూత్తుకుడిలో స్వదేశీ స్టీము నావిగేషను కంపెనీని నెలకొల్పిరి. మూలధనము 10 లక్షలు, వాటా 25 రూపాయలు. తెల్లవారి ఓడల కంపెనీ టిక్కెట్టు ధరలను తెగగోసి పోటీకి దిగెను. 1908లో పిళ్లెగారు కారాగృహమునకు బోయిరి; 1911 నాటికి కంపెనీ మూతపడెను. ఆ కాలముననే, 1907లో, బొంబాయిలో టాటావారు ఉక్కు కంపెనీకి వాటాలు అమ్మజూపగా మూడు వారములలో మూలధనమంతయు దేశీయులే సమకూర్చిరి; ఆ కంపెనీ నేటికిని నడచుచున్నది. రెండుచోట్లను పెట్టుబడి పెట్టించినది ఒకే భక్తి. ఆ భక్తి మనలను కంపెనీ గుమ్మమువఱకు కొనిపోవును. లోపలి జమాఖర్చులను అది చూపజాలదు.

మనకు దగ్గఱి యుదాహరణము ఆంధ్రా బ్యాంకు. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు బందరులో లక్షరూపాయల చెల్లింపు మూలధనముతో దీనిని స్థాపించిరి. 1980లో అది జాతీయమయ్యెను. 2001లో ప్రజలకు వాటాలను 10 రూపాయలకు అమ్మిరి. 2006లో మరల 90 రూపాయలకు అమ్మిరి. 2020 ఏప్రిలు 1వ తేదీన బ్యాంకు యూనియను బ్యాంకులో కలిసిపోయినపుడు వేయి వాటాలకు 325 యూనియను వాటాలు ముట్టినవి. నాడు ఆ వాటా ధర 30 రూపాయలకు లోపు. ఇక లెక్క చూడుడు. 2001లో పదివేలు పెట్టి వేయి వాటాలు కొన్నవానికిని, 2006లో తొంబదివేలు పెట్టి వేయి వాటాలు కొన్నవానికిని తుదకు చేతికందినది ఇంచుమించు తొమ్మిదివేల సొత్తే. మొదటివాడు పందొమ్మిదేండ్లు లాభాంశములు అనుభవించియు అసలును దాదాపు నిలుపుకొనెను. రెండవవానికి లాభాంశములు కొన్ని ముట్టినను, అసలులో పదింట తొమ్మిదిపాళ్లు హరించెను. అది మహమ్మారి భయమున మార్కెట్టంతయు క్రుంగిన కాలమన్నది నిజమే. వాటా పిమ్మట కోలుకొన్నది. కాని 2024లో మిక్కిలి పెరిగిన దినములలో గూడ ఆ 325 వాటాలు అరువదివేలు చేయలేదు. బ్యాంకు ఒకటే, పట్టాభిగారి పేరొకటే, కొన్న ధర వేఱు.

ధరకును రాబడికిని గల యీ పొత్తు గోదావరి డెల్టావారికి ఒకరు చెప్పవలసినది కాదు. కాటనుదొర ఆనకట్టకు అనుమతి కోరినపుడు నదీమతల్లి మహిమను వర్ణించి యూరకుండలేదు. ఇంత వ్యయమునకు ఇంత రాబడియని లెక్కలు వ్రాసి పంపెను. ఆ లెక్కల ఫలమే వైనతేయపాయపై కాలువను మోయుచు పి.గన్నవరమున 1850 ప్రాంతమున లేచిన ఆక్విడక్టు. ఈనాటి క్రొత్త ఆక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకొన్నాము, అది ఉచితమే. పాతదాని వెనుకనున్న లెక్కను మాత్రము మఱచితిమి.

దస్తావేజే దొంగదైనచో నేమి చేయుదుమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. సత్యం కంప్యూటర్సు కథ అట్టిదే. గోదావరి మండలమున భీమవరమునబుట్టిన రామలింగరాజుగారు 1987లో స్థాపించిన యీ కంపెనీ తెలుగువారికి గర్వకారణమై, అనేక గృహములలో పెండ్లిఖర్చుల సొమ్మును ఆకర్షించెను. 2008 సెప్టెంబరులో సత్పరిపాలనకు స్వర్ణమయూర బహుమానమును గూడ అందుకొనెను! 2009 జనవరి 7వ తేదీన అధ్యక్షులే స్వయముగ లేఖ వ్రాసి, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని ఒప్పుకొనిరి. ముందునాడు 179 రూపాయలున్న వాటా ఆనాటి సాయంకాలమునకు 40కి పడెను. 2015లో ప్రత్యేక న్యాయస్థానము వారికి ఏడేండ్ల శిక్ష విధించెను. అప్పీలుపై ఆ యేడే శిక్ష నిలుపుదలయ్యెను.

ఆడిటర్లు చేవ్రాలు చేసిన లెక్కను చిన్న వాటాదారు భేదింపలేడు. ఇందు వానిని నిందించుట అన్యాయము. కాని లేఖకు మూడు వారములముందు, 2008 డిసెంబరు 16వ తేదీన, ఆ కంపెనీ తన నగదుతో అధ్యక్షుని కుటుంబమువారి రెండు మైటాసు కంపెనీలను కొనబూని, పెద్ద వాటాదారుల ఆగ్రహమునకు వెఱచి కొన్ని గంటలలోనే విరమించుకొనెను. ఇది రహస్యము కాదు, పత్రికలన్నియు ప్రకటించినవే. పొలము అమ్మువాడు బేరము మధ్యలో సరిహద్దు రాయి జరుపుచుండగా జూచిన రైతు అక్కడ కూర్చుండునా? ‘మనవాడు’ అనుమాటకు ఇంత వెల యున్నది. ధర సంగతి ఇచ్చటను మరలివచ్చుచున్నది. 2013లో 17 సత్యం వాటాలకు 2 టెక్ మహీంద్రా వాటాలు వచ్చినవి. 2015లో అవి 8 అయ్యెను. 2021లో ఒక్కొక్కటి వేయి దాటెను. 500 చొప్పున కొని పట్టుకొన్నవాడు అసలు కంటజూచుటకే పండ్రెండేండ్లకు పైగా పట్టెను. 40కి కొన్నవానికి అది పదిరెట్లు దాటెను.

ఇక నేటి వాటాలు. రొయ్యల చెరువులవారికి కొవ్వూరు ప్రాంతపు అవంతి ఫీడ్సు వాటా ప్రీతిపాత్రము. మేత బస్తాను ప్రతిదినము చూచువాడు ఆ కంపెనీని ఎఱుగుట సహజము. గత దశాబ్దమున అది అనేక రెట్లు పెరిగినదియు వాస్తవమే. మా సందేహము కంపెనీని గుఱించి కాదు. చెరువు రొయ్యదే, అప్పు రొయ్యపైదే, వాటాయు రొయ్యమేతదే యైనచో ఒక్క గాలికి మూడును వాలును. 2025 ఆగస్టులో అమెరికా మన సరకుపై సుంకమును నూటికి 50కి పెంచినపుడు చెరువు గట్టున ధరయు, బొంబాయిలో వాటాయు కలిసియే పడినవి. చెరువున్నవాడు వాటా మఱొక వ్యాపారములో కొనుట మేలని మా యభిప్రాయము.

ఫ్యూచర్లు, ఆప్షన్లను వ్యాపారమని పిలుచుటకు మేమంగీకరింపము. 2022 మార్చికి ముగిసిన యేడు మొదలు 2024 మార్చివఱకు మూడేండ్లలో ఆ యాట నాడిన కోటికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపడిరనియు, మొత్తము నష్టము 1.8 లక్షల కోట్లు దాటెననియు సెబీయే ప్రకటించినది. కోడిపందెము కనీసము సంక్రాంతితో ముగియును.

తుదకు బీరువాలలోని పాత కాగితముల మాట. తండ్రులు కొన్న వాటాపత్రములు అనేక గృహములలో పట్టుచీరల క్రింద పడియున్నవి. 2019 ఏప్రిలునుండి కాగితపు వాటాలను డీమాటు చేయింపక అన్యులకు బదిలీ చేయుటకు వీలులేదు. ఏడేండ్లు వరుసగా లాభాంశము పుచ్చుకొనకున్నచో ఆ సొమ్మును, వాటాలను గూడ కంపెనీ మదుపరుల రక్షణనిధికి జమకట్టవలయును. అయినను హక్కు నశింపదు. వారసులు ఐఈపీఎఫ్-5 దరఖాస్తుతో తిరిగి పొందవచ్చును. మరణధ్రువపత్రము, వారసత్వపు కాగితములు, పేరులోని అక్షరములు సరిచూచుకొని ఈ వేసవిలోగా ఆ పని ముగించుకొనుడు.