అవ్వ పేరు ఏ సర్వర్‌లోనూ లేదు

పోయిన పెత్రమాస నాడు సిరిసిల్ల దగ్గర మా ఊళ్లో ఉన్నాను. గుడి మండపంలో నాన్న పంతులుగారికి బియ్యం, కూరగాయలు ఇస్తూ పెద్దల పేర్లు చెబుతున్నారు. తన తండ్రి పేరు, తాత పేరు గబగబా చెప్పేశారు. ముత్తాత దగ్గర ఆగారు. "సరే, ఆడవాళ్ల పేర్లు చెప్పండి" అన్నారు పంతులుగారు. తల్లి పేరు వచ్చింది. నాయనమ్మ పేరు అడిగేసరికి నాన్న మళ్లీ ఆగిపోయారు.

"అవ్వ అనే పిలిచేటోళ్లం అయ్యగారూ. పేరంటే..." అంటూ నా వైపు చూశారు, నాకేదో తెలిసినట్టు.

వెనక ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. పంతులుగారు పేరు లేకుండానే కానిచ్చేశారు. సాయంత్రం అదే గుడి ముందు ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే, నా మనసు మాత్రం ఆ ఖాళీ దగ్గరే ఉంది.

నేను రాయదుర్గంలో ఒక కంపెనీలో డేటా ఇంజినీర్‌ని. రిపోర్టులో కనిపించే అంకె ఏ టేబుల్ నుంచి వచ్చింది, అంతకుముందు ఎక్కడుంది అని వెనక్కి వెతుక్కుంటూ పోవడమే నా పని. దాన్ని మేం డేటా లీనియేజ్ అంటాం. తెలుగులో చెప్పాలంటే వంశవృక్షమే! అంకెల వంశం నాకు తెలుసు, మా వంశం తెలీదు. అన్నీ తెలిసిన మా నాయనమ్మ 2021లో పోయింది. నా ఫోన్లో ఆమె ఫొటోలు వందల్లో ఉన్నాయి. గొంతు ఒక్క నిమిషం కూడా లేదు.

ఓడ ఎక్కినవాళ్లకు నంబరుంది

మా ప్రాజెక్టులో డర్బన్ నుంచి పనిచేసే ఒకాయన ఉన్నాడు. ఇంటిపేరు నాయుడూ. తెలుగు ముక్క రాదు. మీటింగ్ మొదలయ్యే ముందు కబుర్లలో గుడి సంగతి చెబితే, "మా కుటుంబంలో మొదట ఓడ దిగిన మనిషి నంబరు కూడా నా దగ్గరుంది" అన్నాడు.

ఆ రాత్రంతా అదే చదివాను. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షా 52 వేల మందికి పైగా మనవాళ్లు ఒప్పంద కూలీలుగా నటాల్ వెళ్లారు. వాళ్లలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు చాలామంది. ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు. ఆ ఓడల జాబితాలను ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతులి కేంద్రం వాటిని అందుబాటులో పెట్టింది. మారిషస్ వెళ్లినవాళ్ల రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. కూలీల లెక్క తప్పకూడదని దొరలు రాసుకున్న చిట్టా, ఈరోజు మునిమనవళ్లకు వంశవృక్షమైంది.

మావాళ్లు ఓడెక్కలేదు. మాది నేత కుటుంబం. సాంచాల పనికి భివండీ, షోలాపూర్, సూరత్ వెళ్లే బస్సో రైలో ఎక్కారు. వాళ్లను ఎవరూ రాసుకోలేదు.

1364 ఫస్లీ

మన దగ్గర పాత పేర్లు దొరికే పెద్ద చోటు భూమి రికార్డులే. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీభూమి. వీటిలో కనిపించేది ఎక్కువగా ఇప్పటి పట్టాదారే. కానీ సర్వే నంబరు చేతికొస్తే, దాన్ని పట్టుకుని వెనక్కి నడవొచ్చు.

నాన్న ఆ నంబరుతో తహసీల్దార్ ఆఫీసులో 1954-55 కాస్రా పహాణీ నకలుకు అర్జీ పెట్టారు. 1948లో పోలీసు చర్య, మరుసటి ఏడాది జాగీర్ల రద్దు అయ్యాక, ఏ చెలక ఎవరి పట్టా, ఎవరు దున్నుకుంటున్నారు అని ఊరూరా తిరిగి రాసిన రికార్డు అది. పైన 1364 ఫస్లీ అని ఉంటుంది. ఫస్లీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే పాత కాగితాలు సగం అర్థమవుతాయి.

నకలు ఫొటో వాట్సాప్‌లో వచ్చినప్పుడు నేను రాయదుర్గం మెట్రో ఎస్కలేటర్ మీదున్నాను. ఎకరం పది గుంటలు. పట్టాదారు గడిలో మా ముత్తాత పేరు, పక్కనే 'తండ్రి' అని ఇంకో పేరు. గుడిలో నాన్నకు అందని పేరు అదే! దిగాక స్టేషన్ గోడ పక్కన నిలబడి మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

ఇంకా వెనక్కి వెళ్దామంటే ఉర్దూ అడ్డొచ్చింది. పాత సేత్వార్ కాగితం ఒకటి మా పెదనాన్న పెట్టెలో దొరికింది. కలం ఎత్తకుండా గొలుసుకట్టుగా రాసే షికస్తా రాత. గూగుల్ లెన్స్ చేతులెత్తేసింది. టోలీచౌకి నుంచి వచ్చే మా టీమ్ మిత్రుడు వాళ్ల నాన్నకు చూపిస్తే, ఆయన భూతద్దం పెట్టుకుని రెండు చాయ్‌లు అయ్యేలోపు చదివిపెట్టారు. నిజాం కాలం ప్రభుత్వ దస్తావేజులు చూడాలంటే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. అక్కడ ఉర్దూతో పాటు, అంతకుముందు పాలనా భాషగా ఉన్న ఫార్సీ కూడా ఎదురవుతుంది.

ఇంత తిరిగినా ఒకటే లోటు. ప్రతి కాగితంలో 'తండ్రి' ఉన్నాడు. 'తల్లి' అన్న గడే లేదు. భూమి మగవాళ్ల పేరు మీద ఉండేది కాబట్టి రికార్డూ వాళ్లదే. భూమి లేని ఇళ్లయితే మగవాళ్లూ కనిపించరు.

ఒకప్పుడు మా వాడకు కూనపులివాళ్లు వచ్చేవారట. పటం వేలాడదీసి మార్కండేయ పురాణం చెప్పేవారు. గౌడులకు గౌడజెట్టివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, ఇలా ఒక్కో కులం కథను మోసుకు తిరిగే కళాకారులు తెలంగాణలో ఉన్నారు. మా పెద్దల గురించి వాళ్లనైనా అడిగితే బాగుండేది. మా వాడకు వాళ్లు రావడం మానేసి చాలా ఏళ్లయిందంటారు నాన్న.

భివండీకి వీడియో కాల్

మా తాతకు ఒక చెల్లెలుంది. వరసకు నాకు అమ్మమ్మ. పెళ్లయ్యాక భర్తతో భివండీ వెళ్లి అక్కడే ఉండిపోయింది. అవ్వకు కన్నకూతురు. ఈ మాట నాకు తట్టడానికి మూడు నెలలు పట్టింది. ఇన్ని వెబ్‌సైట్లు తిరిగాను గానీ ఒక్క ఫోన్ చేయలేదు.

ఒక ఆదివారం ఆమె మనవడు ఫోన్ పట్టుకుంటే మాట్లాడాను. రికార్డ్ చేసుకుంటానని ముందే అడిగాను. ఆధార్‌లో ఆమె పుట్టిన తేదీ 1950 జనవరి 1. అసలెప్పుడు పుట్టావంటే, "రజాకార్ల లొల్లిల మా అమ్మ నన్ను చంకల ఏసుకొని చెలకల పొంటి ఉరికిందట" అంది. అంటే 1948 సెప్టెంబర్‌కు ముందే పుట్టింది! ఆధార్ కంటే ఆమె మాటే నయం.

"మీ అమ్మ పేరేంది అమ్మమ్మా?"

చాలాసేపు ఏమీ అనలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత చెప్పింది. ఆ పేరు మా ఇంటిది, ఇక్కడ రాయను. "మా నాయిన గూడ పేరు వెట్టి పిలువకపోతుండె. అమ్మ పోయినంక ఆ పేరు నా నోట్లెకెళ్లి వచ్చుడు ఇదే మొదలు బిడ్డా" అంది.

ఆ తర్వాత నలభై నిమిషాలు ఆపలేదు. అవ్వ రాత్రిళ్లు దీపం ముందు కండెలు చుట్టేదట. అమ్మవారు పోసి ఇద్దరు పిల్లలు పోయారట. వాళ్ల పేర్లూ చెప్పింది. తన తండ్రికి ఇంకో ఇద్దరు తోబుట్టువులుండేవారని నాన్నకు అరవై దగ్గరపడ్డాక తెలిసింది. ఫోన్లో ఆయన గొంతు పట్టేసింది.

మీరు మొదలుపెట్టాలంటే

ముందు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. తేదీలు అడగొద్దు, సంఘటనలు అడగండి. రజాకార్లప్పుడా, 1969 తెలంగాణ ఉద్యమమప్పుడా, కోస్తావాళ్లయితే 1977 ఉప్పెనకు ముందా తర్వాతా అంటే వాళ్లకు టక్కున గుర్తొస్తుంది. తర్వాత కాగితాలు: శుభలేఖలు, బాండు పేపర్లు, రేషన్ కార్డులు, ఫొటోల వెనక రాతలు. అన్నీ ఫొటో తీసి పెట్టుకోండి.

చెట్టు గీయడానికి నేను గ్రాంప్స్ వాడుతున్నాను. ఉచితం, తెలుగులో రాసుకోవచ్చు, సమాచారం మన కంప్యూటర్లోనే ఉంటుంది. జెడ్‌కామ్ ఫైలుగా దించుకుంటే రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి మార్చుకోవచ్చు. మూడు కాపీలు ఉంచండి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. బతికున్నవాళ్ల పుట్టిన తేదీలు, అమ్మ పుట్టింటి ఇంటిపేరు అందరికీ కనిపించే సైట్లలో పెట్టొద్దు. పాస్‌వర్డ్ మర్చిపోతే చాలా సైట్లు అడిగే ప్రశ్న అదే మరి.

ఆ రోజు కాల్ పెట్టేసే ముందు అమ్మమ్మ ఆపింది. "అందరియి రాసుకున్నవ్ గదా, నాది గూడ రాసుకో. మీ నాయిన అత్తమ్మ అంటడు, నువ్వు అమ్మమ్మ అంటవ్. నా పేరు ఎవలకెరుక?"

నిజమే. నా ఫోన్లో ఆమె నంబరు 'భివండీ అమ్మమ్మ' అనే ఉంది. అడిగి, ఆమె చెప్పినట్టే రాసుకున్నాను.