జవాబు సరేనని ఎవరు చెప్పాలి?

మీరు ఒక భాగహారం చేశారనుకోండి. జవాబు వచ్చింది. వెంటనే పుస్తకం చివరి పేజీలు తిరగేస్తారా? లేక "సార్, ఇది రైటేనా?" అంటూ నోటు పుస్తకం పట్టుకొని పరుగెత్తుతారా? రెండూ అక్కరలేదు. విభాజకాన్ని భాగఫలంతో గుణించి శేషం కలపండి. విభాజ్యం వచ్చిందా, మీ లెక్క సరి! మాస్టారు "శభాష్" అంటే సంతోషమే. అనకపోయినంత మాత్రాన లెక్క తప్పయిపోదు.

చివరి పేజీలో జవాబు లేని లెక్కలు కూడా ఉంటాయి. శాస్త్రజ్ఞులు చేసేవి చాలావరకు అలాంటివే. అటువంటి లెక్క చేసిన ఒకామె సంగతి చెబుతాను.

బార్బరా మెక్‌క్లింటాక్ 1902లో అమెరికాలో పుట్టింది. 1941 నుంచి న్యూయార్కు రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో మొక్కజొన్నపై పరిశోధన చేసింది. మొక్కజొన్నలో ఊదారంగు గింజల రకాలున్నాయి. కొన్ని పొత్తుల్లో మాత్రం గింజలు పాలిపోయి, వాటిమీద ఊదా చుక్కలు కనిపిస్తాయి. ఈ చుక్కలు ఎలా వచ్చాయి?

గింజకు రంగు రావాలంటే దానికి తగిన జన్యువు పనిచేయాలి. జన్యువులు క్రోమోసోము మీద దండలో పూసల్లాగా ఎక్కడివక్కడే ఉంటాయని అప్పట్లో అందరి నమ్మకం. కాదు, ఒక ముక్క చోటు మారి గెంతుతుంది అన్నది ఆమె. ఆ ముక్క రంగు జన్యువులో దూరితే రంగు ఆగిపోతుంది. గింజ పెరుగుతుండగా ఏదో ఒక కణంలో అది బయటికి గెంతిందా, ఆ కణానికీ దాని నుంచి పుట్టే కణాలన్నిటికీ మళ్ళీ రంగు వస్తుంది. అదే చుక్క! పెందలకడనే గెంతితే కణాలు ఎక్కువ పుడతాయి కనుక చుక్క పెద్దది. ఆలస్యమైతే ఆవగింజంత.

అయితే ఆ ముక్క తనంతట తాను గెంతలేదు. దాన్ని కదిలించే మరో ముక్క కూడా కణంలో ఉండాలి. ఇక్కడే ఆమెకు సరిచూసుకునే మార్గం దొరికింది. లేత పొత్తులకు కాగితపు సంచులు తొడిగి, తాను ఎంచుకున్న పుప్పొడినే పీచుమీద చల్లేది. ఏ పొత్తులో చుక్కల గింజలు రావాలో, ఏ పొత్తులో రాకూడదో ముందే లెక్కకట్టేది. పంట చేతికొచ్చాక ఒలిచి చూసేది. సూక్ష్మదర్శినిలో క్రోమోసోములనూ చూసేది. రెండు చోట్లా ఒకే జవాబు!

1951లో శాస్త్రజ్ఞుల సభలో ఈ సంగతి వివరించింది. చాలామందికి అర్థం కాలేదు, కొందరు నమ్మలేదు. నిజానికి అప్పటికే ఆమె పేరున్న శాస్త్రజ్ఞురాలు. 1953 తరువాత ఈ విషయమై పత్రికలకు రాయడం చాలావరకు మానేసింది. (రాస్తూ ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. తరువాతి వాళ్ళకు దారి సులువయ్యేది.) పొలంలో పని మాత్రం మానలేదు.

"నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అనే మొండితనం కాదిది. రాకూడదన్న పొత్తులో చుక్కలు వచ్చి ఉంటే, తన ఊహను తానే కొట్టివేయవలసి వచ్చేది.

1960ల చివరలో బాక్టీరియాలోనూ ఇలా గెంతే ముక్కలు బయటపడ్డాయి. 1983లో, 81వ ఏట, వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఆమె ఒక్కతికే వచ్చింది.

ఇక మీకో లెక్క. ఒక పాలిపోయిన గింజమీద ఒక పెద్ద మచ్చ, విడివిడిగా పది సన్నని చుక్కలు ఉన్నాయి. వీటిలో ముందు మొదలైనది ఏది? ముక్క ఎన్ని కణాల్లో గెంతి ఉంటుంది? జవాబు ఈ సంచికలోనూ, వచ్చే సంచికలోనూ వేయడం లేదు.